గూన పెంకుల కింద కంప్యూటరు

ఎండకు కాలిన మట్టి పెంకు మీద తొలి చినుకులు పడినప్పుడు ఒక వాసన వస్తుంది. జనగామలో మా వీధిలో గూన పెంకుటిల్లు ఇప్పుడు ఒక్కటే మిగిలింది, మా ఎదురిల్లు. మొన్న సాయంత్రం నేను కిటికీ పక్కన కూర్చుని, ఎవరో రాసి లోకమంతటికీ వదిలేసిన ఒక ప్రోగ్రాములో తెలుగు వత్తులు తప్పు చోట పడుతున్నాయని దాన్ని విప్పి సరిచేస్తున్నాను. ఒక ఫైలులో రెండు వరుసలు మార్చి, ప్రోగ్రామును మళ్లీ కట్టమని కంప్యూటరుకు ఆదేశం ఇచ్చాను. వందల ఫైళ్లున్న ఆ ప్రోగ్రాములో ఒకే ఒక్క ఫైలు పేరు తెర మీద కనిపించింది, ఆ వెంటనే ముక్కలన్నీ జోడయ్యాయి, పని అయిపోయింది. సరిగ్గా అప్పుడే వాన మొదలై, ఎదురింటి పెంకుల వాసన లోపలికి వచ్చింది. ప్రమీలక్క నా వెనక నిలబడి ఉన్నట్టే అనిపించింది. ఉంటే ఏమనేదో నాకు తెలుసు. "సూసినవా? ఇల్లంత పీకే పని పడ్డదా?" అనేది.

ప్రమీలక్కను చూడనివాళ్లకు ఆమె గురించి చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నన్ను చిన్నచూపు చూసినవాళ్లను నేను మర్చిపోను. ఎనభైల నడుమ హైదరాబాదులో కంప్యూటరు కోర్సు పూర్తిచేసి ఒక ఉద్యోగానికి పోతే, అక్కడ ప్రశ్నలు అడిగిన పెద్దమనిషి నేను "గిట్ల" అన్నందుకు పక్కవాడి వైపు తిరిగి నవ్వాడు. "ఈ భాషతో ఆఫీసులో ఎలా నెగ్గుకొస్తావయ్యా?" అన్నాడు. ఆయన లేత నీలం చొక్కా వేసుకున్నాడు, జేబు కింద సిరా మరక ఉంది. మరక తనది, నవ్వు నా మీద. ఉద్యోగం రాలేదు. నర్మెట్టలో మా ఇంటికి తిరిగి వచ్చి, పొలం గట్టు మీద కూర్చుని ఆ నవ్వునే తలచుకుంటూ ఒక ఎండాకాలం గడిపాను. అప్పుడే జనగామలో చదువురాని పెద్దవాళ్ల కోసం పుస్తకాలు తయారుచేసే చిన్న కేంద్రం పెట్టారని, అక్కడికి ఒక కంప్యూటరు వచ్చిందని, దాన్ని నడిపేవాళ్లు కావాలని తెలిసింది.

నేను అక్కడికి పోయిన రోజు వాన పడుతోంది. కేంద్రం అంటే అద్దెకు తీసుకున్న ఒక గూన పెంకుటిల్లు. గుమ్మంలో ఎవరూ లేరు. లోపల నిచ్చెన మీద, చీర కొంగు నడుముకు చుట్టుకుని, ముప్పై అయిదుకు దగ్గరపడిన ఒక మనిషి పైకప్పులోకి తల దూర్చి నిలబడి ఉంది. కింద కంప్యూటరు మీద యూరియా సంచి కప్పి ఉంది. ఆ సంచి మీద పైనుంచి నీళ్లు టపటపా పడుతున్నాయి.

"నర్మెట్ట పిలగానివి నువ్వేనా? పేరేంది?"

"యాదగిరి, మేడం."

"మేడం కాదు, అక్కా అను. నిచ్చెన గట్టిగ పట్టుకో. నేను పడితే ఇంటర్వ్యూ ఎవలు చేస్తరు?"

కుర్చీ ఇవ్వలేదు, మంచినీళ్లు ఇవ్వలేదు. అది కూడా నాకు గుర్తుంది. కోపంతో, ఇంత చెత్త ఇంట్లో కంప్యూటరు పెట్టడమేమిటి, ఈ పెంకులన్నీ పీకేసి రేకులు వేయాలి అన్నాను. ఆమె కిందికి చూసి నవ్వింది. "కారేది ఒక్క కాడ. దానికి ఇల్లంత పీకుదామా? పగిలిన పెంక ఒక్కటే. అయితే దాన్ని తియ్యాలంటే దాని మీద కూసున్న పెంకలు జరపాలె. మీదున్న గవ్వి జరిపితే సాలు, పక్కటోళ్ల జోలికి పోయే పనే లేదు." అలా అంటూనే పెంక మార్చింది, నీళ్లు ఆగాయి. దిగివచ్చి చేతులు దులుపుకుని, "రేపటి నుంచి రా" అంది. ఇంటర్వ్యూ అంతే.

ఆమెది రఘునాథపల్లి. భూములున్న కుటుంబం, అన్న ఊరి రాజకీయాల్లో తిరిగేవాడు. పెళ్లి చేసుకోకుండా చదువుకుంది, లూనా మీద ఆఫీసుకు వచ్చేది. కొంగుకు ఎప్పుడూ వేయించిన పల్లీలు ముడివేసి ఉండేవి. పెద్ద గొంతు. ఎవరినైనా, ఎంతటివాడినైనా, ఎగతాళి చేయకుండా వదిలేది కాదు. నన్ను "ఫిర్యాదుల యాదగిరి" అని పిలిచేది. ఆ పేరు బజారు దాకా పాకింది. చాయ్ కొట్టువాడు కూడా "ఏం ఫిర్యాదన్నా, ఇయ్యాల ఎవలి మీద?" అని అడిగేవాడు.

మా పని అప్పటికి కొత్త పని. తెలుగు అక్షరాలు అచ్చు వేసే ప్రోగ్రాము కొనాలంటే మా కేంద్రం తాహతుకు మించిన మాట. అక్కతో చదువుకున్న ఒకాయన వరంగల్ కాలేజీలో పనిచేసేవాడు. ఆయన ఫ్లాపీల మీద ఒక ప్రోగ్రాము పంపాడు. ఎక్కడో విదేశంలో యూనివర్సిటీవాళ్లు పుస్తకాల పేజీలు కూర్చడానికి రాసుకున్నది. దాని మొదట్లోనే, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చు అని రాసి ఉంది. దాన్ని నడిపించే రూపమే కాక, మనిషి చదవగలిగేలా రాసిన దాని మూలం మొత్తం మా చేతికి వచ్చింది. ఇప్పుడు దీన్నే ఓపెన్ సోర్స్ అంటున్నారు. అక్క మాత్రం "ఇది బాయి లెక్క, ఎవలైన తోడుకోవచ్చు, కానీ చేద మనదే" అనేది. ఇంగ్లీషు అక్షరాలు అచ్చు వేసే ఆ ప్రోగ్రాములో మేము తెలుగు అక్షరాలను చుక్కలతో గీసిన బొమ్మలు చేర్చి, గుణింతాలు, వత్తులు ఎక్కడ కూర్చోవాలో రాసి, మా ప్రింటరు మీద తెలుగు పలికించాం.

అప్పుడు కిషన్ మాస్టరు వచ్చాడు. మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో పెద్దలకు చదువు చెప్పేవాడు. తానూ తండా మనిషే. తెలుగు వాచకం పెట్టి చెబితే అందరూ మధ్యలోనే లేచిపోతున్నారని, తమ ఇంటి మాటనే తెలుగు అక్షరాల్లో రాసి వాచకం వేస్తే నిలబడతారని ఆయన ఆశ. అక్క వెంటనే ఒప్పుకుంది. చిక్కు ఒక్కటే. వాళ్ల మాటలో కొన్ని అక్షరాలను ముక్కుతో పలకాలి. పాతకాలపు అరసున్న పెట్టి చూశాం. మా ప్రింటరు మీద అరసున్నకూ నిండు సున్నకూ తేడానే తెలియలేదు.

"అక్కా, మావోళ్లు దాన్ని సున్న లెక్కనే సదువుతున్నరు" అన్నాడు కిషన్ మాస్టరు. "అచ్చరం నెత్తి మీద చిన్న గీత పెడితే ఎట్లుంటది?"

నెత్తి మీద గీత అనేది వినడానికి చిన్న మాట. దానివల్ల అక్షరం ఎత్తు పెరిగింది, వరుసకూ వరుసకూ మధ్య ఎడం పెరిగింది. ఆ ఎత్తులు రాసి ఉన్న ఫైలును ప్రోగ్రాములోని మిగతా ఫైళ్లన్నీ చూసుకుంటాయి. అది మారితే మూలం అంతటినీ యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మళ్లీ మార్చి, ఆ ముక్కలన్నిటినీ మళ్లీ జోడించాలి. మా కంప్యూటరు మీద ఆ పనికి ఒక పూట పట్టేది. జనగామలో ఒక పూట ఆగకుండా కరెంటు ఉండటం ఆ రోజుల్లో పండుగ లాంటిది. సగంలో కరెంటు పోయేది. నేను అప్పటిదాకా తయారైన ముక్కలన్నీ చెరిపేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేవాణ్ణి. మళ్లీ పోయేది. పాత ముక్కలను నేను నమ్మేవాణ్ణి కాదు, ఒక్కటి పాడైనా అన్నీ పాడైనట్టే అనిపించేది. కరెంటు ఆఫీసుకు పోయి తిట్టి వచ్చేవాణ్ణి. వాళ్లూ నన్ను తిట్టేవాళ్లు. ఎవరు ఏమన్నారో ఇప్పటికీ చెప్పగలను.

చివరికి, భూపాలపల్లిలో బొగ్గు గని ఆఫీసుకు కంప్యూటరు వచ్చిందని, అక్కడ కరెంటు పోదని విని, ఫ్లాపీలు సంచిలో వేసుకుని బయలుదేరాను. అక్క వద్దనలేదు. "పోయిరా, సూసిరా" అంది, అంతే. బస్సు ఘనపూర్ దాటాక రోడ్డంతా గుంతలు, ఫ్లాపీల సంచిని ఒడిలో చంటిపిల్లలా పెట్టుకున్నాను. అక్కడ మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చోబెట్టారు. గేటు మనిషి లోపలికి కేకేసి, "రేడియో బాగుచేసేటాయన వచ్చిండు సార్" అన్నాడు. అన్నీ దిగమింగాను. సాయంత్రానికి ప్రోగ్రాము మొత్తం మళ్లీ కట్టి, యుద్ధం గెలిచినవాడిలా జనగామకు తెచ్చాను.

కిషన్ మాస్టరు మొదటి పేజీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. నొచ్చుకుంటానేమోనని మెల్లగా అన్నాడు. "యాదన్నా, గీత తలకట్టుకు అతుక్కున్నది. గీత లెక్క లేదు, తలకట్టు వాసినట్టున్నది."

నిజమే. పెంచిన ఆ ఎత్తులోనే గీత ఇంకో రెండు చుక్కలు పైకి ఉండాలి. మళ్లీ భూపాలపల్లి, మళ్లీ ఆ వరండా, మళ్లీ రేడియో బాగుచేసేటాయన. "నాతోని కాదక్కా. ఈ ప్రోగ్రామే చెత్త. దీన్ని పారేసి మొదటినుంచి నేనే కొత్తది రాస్తా. లేకుంటే నర్మెట్ట పోత" అన్నాను.

అక్క పల్లీలు ఒలుస్తూ విన్నది. "అరవైతొమ్మిదిల నేను వరంగల్‌ల పీయూసీ సదువుతున్న. ఉద్యమమొచ్చింది, కాలేజీలు బందైనయి, మేం గూడ రోడ్డెక్కినం. ఏడాది సదువు పోయింది. మళ్ల కాలేజీ తెరిసినంక ఏం జేసిన? పలక పట్టుకోని ఒకటో తరగతిల కూసున్ననా?"

"అది వేరక్కా."

"ఏం వేరు? పోయింది ఆ ఒక్క ఏడాది. ఆ ఏడాది సదివిన, దాని మీద నిలబడేటియి సదివిన. అంతకు ముందు సదివింది యాడికి పోతది? నా తలకాయలనే ఉన్నది." పల్లీ పొట్టు ఊదేసి లేచింది. "లే. బొగ్గు ముక్క తే."

ఆ రోజు ఆఫీసు గోడ మీద ఆమె నాతో పెంకులు గీయించింది. ఒక్కో పెంకుకు ఒక్కో ఫైలు పేరు. ఏ ఫైలు దేని మీద ఆధారపడి ఉందో, ఆ పెంకు దాని మీద కూర్చున్నట్టు. ఎత్తుల ఫైలు చూరు దగ్గర అన్నిటికంటే కింద పడింది, మిగతావన్నీ నేరుగానో, ఒకదాని మీద ఒకటిగానో దాని మీదే కూర్చున్నాయి. అది మారినప్పుడు అన్నీ జరపక తప్పలేదు. కానీ గీత బొమ్మ ఉన్న ఫైలు పైన కప్పు నడినెత్తిన ఉంది, దాని మీద ఏ పెంకూ లేదు. దాన్ని ఒక్కదాన్నే మార్చి, పక్కనున్న పాత ముక్కలతో మళ్లీ జోడిస్తే చాలు. అది చాయ్ తాగి వచ్చేలోపు అయ్యే పని. నేను గోడ ముందు నిలబడి, కోపం తగ్గకపోయినా, అది నిజమని ఒప్పుకోవలసి వచ్చింది.

ఈ పనిని తనంత తానే చూసుకునే 'మేక్' అనే చిన్న ప్రోగ్రాము వరంగల్ నుంచి వచ్చిన ఫ్లాపీల్లోనే ఉంది. మేము గీసిన పెంకుల వరసను దానికి రాసి ఇస్తే, అది ఒక్కో ఫైలు ఎప్పుడు మారిందో తేదీ, సమయం చూస్తుంది. తయారైన ముక్క కంటే మూలం కొత్తదైతే దాన్ని మళ్లీ కడుతుంది. కాకపోతే ముట్టుకోదు. తేదీని నమ్మి బతికే ప్రోగ్రాము అది. మా కంప్యూటరుకేమో లోపల గడియారం నడిపే బ్యాటరీ లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎంత అని అడిగేది. చెప్పకుండా మీట నొక్కితే అది పంతొమ్మిది వందల ఎనభై, జనవరి ఒకటో తేదీ అనుకునేది. అందుకే అక్క కంప్యూటరు పైన గోడకు మేకు కొట్టి క్యాలెండరు తగిలించింది. "ఎవలన్న సరే, తేదీ కొట్టినంకనే పని ముట్టాలె" అని ఆజ్ఞ.

ఆ వరస రాయడం ముగిసిందో లేదో, గీత సరిచేయక ముందే, హైదరాబాదు నుంచి మా కేంద్రాలను చూసే డైరెక్టరు జీపు వచ్చింది. కోస్తా మనిషి, మర్యాదగానే మాట్లాడేవాడు. ఆ మర్యాదలోనే గుచ్చేవాడు. "ఏవండీ ప్రమీల గారూ, తండా భాషకి వాచకం ఎందుకండీ? తెలుగు నేర్పితే చాలదూ? ఈ మిషను హైదరాబాదులో ఉంటే పదిమందికి పనికొస్తుంది. జీపు కూడా తెచ్చాను, పట్టుకుపోతాను" అన్నాడు.

ఆ రోజు కిషన్ మాస్టరు కూడా వచ్చి ఉన్నాడు. దవాఖానలో కళ్లు చూపించడానికి వాళ్లమ్మ చాందీబాయిని వెంట తెచ్చాడు. ఆమె తండా బడిలో చదువు మొదలుపెట్టిన మనిషి. మిషను జీపెక్కితే ఆ వాచకం ఇక రాదని అందరికీ తెలుసు. అక్క మాత్రం గొంతు పెంచలేదు. "మధ్యాహ్నం దాక కరెంటుంటది సార్. గప్పటిదాక ఆగండి. ఒక్క పేజీ సూపిస్తం. బాగ లేకుంటే మేమే మోసి జీపుల పెడతం."

తన డ్రైవరుకు చాయ్ తెమ్మని డైరెక్టరు నన్ను పంపాడు. డిగ్రీ చదివి కంప్యూటరు నేర్చుకున్న నన్ను! అక్క లోపలి గదిలో కాగితాలు సర్దుతోంది. తిరిగి వచ్చేసరికి డైరెక్టరు నా కుర్చీలో కూర్చుని, కంప్యూటరు తానే వేసి పెట్టాడు. "నాకూ వచ్చులేవయ్యా ఇవన్నీ" అని లేచాడు. నేను కూర్చుని, గీతను రెండు చుక్కలు పైకి జరిపి, ఆ మార్పును ఫైలులో దాచి, మేక్ నడిపించాను. కొత్తగా కట్టవలసిందేమీ లేదు, అన్నీ తాజాగానే ఉన్నాయి అని అది సమాధానం ఇచ్చింది. ప్రింటరు కీచుమంటూ పేజీ ఇచ్చింది. గీత ఇంకా తలకట్టుకు అతుక్కునే ఉంది.

డైరెక్టరు పేజీ చూసి నవ్వాడు. "మీ యాసలాగే మీ అక్షరం కూడా మొండిదేనయ్యా. ఎంత చెప్పినా మారదు!"

అన్ని ముక్కలూ చెరిపేసి మొదటినుంచి కడదామని ఆదేశం సగం కొట్టాను కూడా. అది అయ్యేలోపు కరెంటు పోవడం ఖాయం. అక్క చేయి నా మణికట్టు మీద పడింది.

"ఫిర్యాదు చెయ్యి" అంది.

"ఏందక్కా?"

"నీకు మంచిగ వచ్చిన పనే గదా. ఎవని మీదనో కాదు, యాడ కారుతున్నదో చెప్పు. ఏం మార్చినవ్? అదేమన్నది? ఏం కనబడ్డది?"

చెప్పడం మొదలుపెట్టాను. గీత బొమ్మ మార్చాను. దాచాను. కొత్తదేమీ లేదని మేక్ అంది. ఎందుకంది? మూలం కంటే ముక్కే కొత్తది అనుకుంది. ఎందుకు అనుకుంది? ఫైళ్ల తేదీలు తెర మీదికి తెచ్చాను. ఇప్పుడే నేను నా చేత్తో మార్చిన ఫైలు పక్కన పంతొమ్మిది వందల ఎనభై, జనవరి ఒకటి అని ఉంది. తల ఎత్తి క్యాలెండరు చూశాను. తరువాత డైరెక్టరును చూశాను. కంప్యూటరు తేదీ అడిగితే ఊరికే మీట నొక్కేసి ముందుకు పోయింది ఎవరో అర్థమైంది. నోరు తెరిచాను. అప్పటిదాకా పడ్డ మాటలన్నిటికీ ఒకేసారి జవాబు చెప్పగల అవకాశం అది.

అక్క నా భుజం నొక్కి, నాకు మాత్రమే వినిపించేలా అంది. "పెంక ఎవలు పలగొట్టిండ్రో తర్వాత. ముందు కారుడు ఆపు."

ఆ జవాబు పక్కన పెట్టి తేదీ సరిచేశాను. ఫైలును ఇంకోసారి దాచాను. మేక్ నడిపించాను. తెర మీద ఒక్క ఫైలు పేరు కదిలింది. తరువాత జోడింపు మొదలైంది. బల్బు ఒకసారి మసకబారి మళ్లీ వెలిగింది. జోడింపు అయిపోయింది. ప్రింటరు మళ్లీ కీచుమంది.

అక్క ఆ కాగితాన్ని డైరెక్టరుకు ఇవ్వలేదు. చాందీబాయికి ఇచ్చింది. ఆమె గుమ్మం వెలుతురులోకి పోయి, కాగితం దూరంగా పట్టుకుని, ఒక్కో అక్షరం కింద వేలు జరుపుతూ చదివింది. గీత ఉన్న అక్షరం దగ్గర వేలు ఆగింది. మరుక్షణం ఆ మాట ముక్కులోంచి, వాళ్ల ఇంట్లో పలికినట్టే పలికింది. పలికి, కొడుకు వైపు తిరిగి తన భాషలో ఏదో గట్టిగా అని నవ్వింది.

"ఏమంటున్నది అవ్వ?" అని అడిగింది అక్క.

కిషన్ మాస్టరు కళ్లు తుడుచుకుంటూ చెప్పాడు. "ఇన్నొద్దులు ఈ కాయితాలకు మా మాట రాదనుకున్న, వస్తదన్నమాట, అంటున్నది."

డైరెక్టరు ఆ పేజీ తీసుకుని తానూ చూశాడు. "సరేనండీ, మిషను ఇక్కడే ఉండనివ్వండి. వాచకం పూర్తి చెయ్యండి" అని ఖాళీ జీపుతో వెళ్లిపోయాడు.

తేదీ సంగతి ఆయనకు ఎందుకు చెప్పలేదని అక్కను ఆ తరువాత చాలాసార్లు అడిగాను. "ఆయన జీపు ఖాళీగ పోయింది, మిషిన్ మనకాడ ఉన్నది. ఇంకేం గావాలె?" అనేది. నాకు ఇంకొంచెం కావాలనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ విషయంలో ఆమె మాట నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను.

వాచకం మహబూబాబాద్ చుట్టుపక్కల తండాలకు, భూపాలపల్లి వైపు కూడా పోయింది. మేము చేసిన మార్పులను అక్క ఫ్లాపీల మీద వరంగల్‌కు తిప్పి పంపించింది, వాళ్లు ఇంకెవరికో పంపారు. కొన్నేళ్ల తరువాత ఎవరో తెలియని మనిషి, మా నెత్తి గీతను వాడుకుని తమ వైపు ఒక పుస్తకం వేసుకున్నామని కబురు చేశాడు. ఆ రోజు అక్క నాకు కుర్చీ వేసి, తన చేత్తో చాయ్ పోసి ఇచ్చింది. "మొదటి రోజు కుర్చీ ఇయ్యలేదని ఇంక మనసుల పెట్టుకున్నవ్ గదా, కూసో" అంది. నేను ఆ మాట ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఎలా తెలిసిందో తెలియదు.

ఆమె పోయి కొన్నేళ్లయింది. నేను ఇప్పటికీ ఫిర్యాదులు రాస్తూనే ఉంటాను. ముఖం కూడా తెలియకుండా ఏవేవో దేశాల్లో ఉండి ప్రోగ్రాములు రాసి అందరికీ పంచేవాళ్లకు, తెలుగు ఎక్కడ సరిగా రాలేదో పంపిస్తాను. ఏం మార్చాను, అదేమంది, ఏం కనబడింది, ఆ మూడే రాస్తాను. చేతనైతే పగిలిన పెంకు కూడా మార్చి పంపుతాను. వాళ్లు మర్యాదగా జవాబిస్తారు, తీసుకుంటారు. నా యాస గురించి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మొన్న సాయంత్రం వాన తగ్గాక, సరిచేసిన ఆ రెండు వరుసలు పంపించే ముందు ఇంకోసారి మొత్తం సరిచూసుకున్నాను. ఇప్పటి కంప్యూటర్లకు తేదీ ఎవరూ చెప్పనక్కర్లేదు, వాటికవే తెలుసుకుంటాయి. అయినా మేక్ అని కొట్టేముందు నా తల దానంతటదే పైకి లేస్తుంది. కంప్యూటరు పైన గోడ మేకుకు క్యాలెండరు తగిలించుకున్నాను. తేదీ చూశాక గాని మీట నొక్కను.